వంతెన దాటిన రెండో బండి

మా తోటికోడలు మంచి మనిషే. ఆ మాట ముందే అనేస్తున్నాను, తర్వాత అనడానికి నాకు నోరు రాకపోవచ్చు. ఒంట్లో బాగాలేకపోతే వచ్చి పక్కన కూర్చుంటుంది. నాకంటే పెద్దదైనా పని దగ్గర పెద్దరికం చూపించదు. ఎవరింట్లో ఏ మాట విన్నా ఇంకో ఇంట్లో చెప్పదు. కాని ఆవిడ మొగుడు నడిపిన బస్సు మ్యూజియంలో ఉంది. మా ఆయన నడిపిన బస్సు తుక్కు కింద పోయింది. ఇక ఆవిడ ఎంత మంచిదైతే నాకేం?

మ్యూజియం అంటే ఏ పాలరాతి భవనమో అనుకునేరు. మా పాత డిపోయే. డిపోని ఊరి చివరికి మార్చేశాక ఇక్కడ ఒక పొడుగాటి రేకుల షెడ్డు మిగిలింది. అందులో పాత బస్సుల్ని కడిగి, రంగులేసి, వరసగా నిలబెట్టారు. ఒక్కో బస్సు ముందు ఒక స్టాండు, దాని మీద ఒక బోర్డు. ఆ బస్సు ఎప్పుడొచ్చింది, ఏ రూటులో తిరిగింది, ఎవరు నడిపారు, ఎప్పుడు పక్కన పెట్టారు, అన్నీ ఆ బోర్డు మీద ఉంటాయి. మనుషులకి లేని మర్యాద. ఆదివారం పూట జనం పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. మెట్లెక్కి దిగుతారు, హారన్ నొక్కుతారు, బోర్డు చదివి "అబ్బో" అంటారు.

ఆ అబ్బోల్లో ఎక్కువ వాటా ఏడో నెంబరు బండిది. పాతకాలపు ముక్కు బండి అది. ఇంజను బయటికి పొడుచుకొచ్చి, రెండు పెద్ద లైట్లతో, అలిగిన మనిషి మూతిలా ఉంటుంది. దాని బోర్డు నాకు కంఠతా వచ్చు. "నది మీద కొత్త వంతెన కట్టాక ప్రయాణికులతో మొట్టమొదట దాటిన బస్సు." కింద మా బావగారి పేరు. పక్కన ఫోటో. ఫోటోలో బండి వంతెన మధ్యలో ఉంటుంది, అటూ ఇటూ జనం చేతులూపుతుంటారు, డ్రైవరు సీట్లో బావగారు మెడ నిక్కించి కూర్చుంటారు. ఆ వెనకాల, ఫోటో అంచులో, ఇంకో బండి ముక్కు కాస్త కనిపిస్తుంది. అది పదకొండో నెంబరు. ఆ ముక్కు మాది.

ఆ రోజు వంతెన దాటిన రెండో బండి మా ఆయనది. అదే నది, అదే వంతెన, అదే జనం. మధ్యలో దూరం ఎంతని? బావగారి బండి పొగ మా ఆయన మొహానికి కొట్టేంత. కాని రెండో బండికి బోర్డులుండవు.

అన్నదమ్ములిద్దరూ ఒకే డిపోలో డ్రైవర్లు. ఇద్దరి బళ్ళూ కవలపిల్లల్లా ఒకే రోజు డిపోకొచ్చాయి. బావగారు బాగా పొడుగు, డిపోలో అందరూ ఆయన్ని నిచ్చెన అనేవాళ్ళు. మా ఆయన్ని స్టూలు అనేవాళ్ళు. నేను అదే డిపో వర్క్‌షాపులో సీట్లు కుట్టే సెక్షన్లో పనిచేశాను. కాబట్టి స్టూలు పెళ్ళాం అనిపించుకోవడం నాకు ఇంటా బయటా తప్పలేదు.

స్టూలుకి బండి ఇచ్చారు కాని కాళ్ళు క్లచ్‌కి అందలేదు. ఆ బళ్ళలో డ్రైవరు సీటు ముందుకూ వెనక్కీ జరగదు, ఫ్లోరుకి బోల్టులతో బిగించేసి ఉంటుంది. మా ఆయన సీటు అంచున వేలాడుతూ నడుపుతుంటే చూడలేక నేనూ, వర్క్‌షాపు వెల్డరూ కలిసి ఒక మధ్యాహ్నం దాన్ని ముందుకు జరిపాం. ఫ్లోరుకి కొత్తగా నాలుగు చిల్లులు పెట్టాలి. వెల్డరు మూడు చక్కగా పెట్టాడు. నాలుగోది పెడుతుండగా నేను మా సూపర్‌వైజరు దగ్గు దగ్గి చూపించాను. అతను పగలబడి నవ్వాడు, డ్రిల్లు పక్కకి జారి వంకర చిల్లు పడింది. దాని పక్కనే ఇంకోటి పెట్టాల్సొచ్చింది. అలా అయిదయ్యాయి. తర్వాత ఒకసారి మా ఆయన సెలవు పెడితే పదకొండో నెంబరు బావగారు నడిపారు. మోకాళ్ళు స్టీరింగుకి కొట్టుకుని కుంటుతూ ఇంటికొచ్చి, "అయిదు చిల్లులు పెట్టి మరీ నా కాళ్ళు విరగ్గొట్టావమ్మా" అని నన్ను వారం పాటు ఏడిపించారు.

తర్వాత అందరికీ వయసొచ్చింది, బళ్ళకి కూడా. రెండిటినీ డిపో వెనక యార్డులోకి తోసేశారు. నెంబరు ప్లేట్లు, అద్దాలు, సీట్లు ఎవరికి కావలసినవి వాళ్ళు పీక్కుపోయారు. మ్యూజియం పెడదామనుకున్నప్పుడు వంతెన దాటిన బండి కావాలన్నారు. బావగారు వెళ్ళి చూపించారు. దాన్ని షెడ్డుకి తెచ్చారు, రెండోదాన్ని అక్కడే కోసేశారు. ఆ రోజు మా ఆయన కూడా అన్నగారి వెంట వెళ్ళాడు. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి కూర్చున్నాడు.

"మీ బండి ఏం చేశారు?" అన్నాను.

"ఏం చేస్తారు? ఇనుమే కదా" అన్నాడు, నిమ్మకు నీరెత్తినట్టు.

అప్పట్నుంచి నా కడుపు మంట ఆరలేదు. ఆదివారం వస్తే బావగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని బండి పక్కన కుర్చీ వేసుకుంటారు. వచ్చినవాళ్ళకి వంతెన కథ చెబుతారు. అక్క, అదే మా తోటికోడలు, ఆ పక్కనే నిలబడి, ఆయన ఎక్కడైనా ఆగితే అందిస్తుంది. ఫోటోలు తీస్తారు. "ఆ రోజు మా ఆయన చెయ్యి ఒక్కసారైనా వణకలేదమ్మా" అని అక్క అంటే ఆడవాళ్ళు ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపుతారు. నడిపింది ఆయనైతే ఆవిడ చెయ్యి ఎందుకు ఊపడం? మా ఆయన ఏం చేస్తాడో తెలుసా? బకెట్టు, గుడ్డ పట్టుకుని ఆ బండి తుడుస్తాడు. తుడిచి, లోపల చివరి సీట్లో కూర్చుని కిటికీలోంచి గోడని చూస్తుంటాడు. అన్న బండికి పాలేరుతనం చేసే తమ్ముణ్ణి నేను ఇక్కడే చూశాను. అదీ మా ఇంట్లోనే.

ఈ మధ్య షెడ్డు తెరిచిన రోజు గుర్తుగా, నడిచే స్థితిలో ఉన్న బళ్ళన్నీ ఊరంతా తిప్పుదామని అనుకున్నారు. ముందు ఏడో నెంబరు, నడిపేది బావగారు. ఇంకేం, అక్క కాళ్ళు నేల మీద ఆనలేదు. మ్యూజియం చూసుకునే అమ్మాయి, మేమందరం ఇన్‌ఛార్జమ్మ అంటాం, డ్రైవరు సీటు చిరిగిపోయింది, పాత పద్ధతిలో పట్టీలు వేసి కుట్టేవాళ్ళు దొరకడం లేదు అందట. అందుకు మా అక్క ఏమందో తెలుసా?

"మా చెల్లి ఉందిగా. కుట్టేస్తుందిలెండి."

నన్ను ఒక్క మాట అడగలేదు. తన మొగుడు ఊరేగడానికి నేను సీటు కుట్టాలి. పుండు మీద కారం చల్లడం అంటే ఇదే.

కాదనడానికి నోరు రాక వెళ్ళాను. టేపు, సుద్దముక్క, పాత కత్తెర పట్టుకుని. ఇన్‌ఛార్జమ్మ మర్యాదగానే మాట్లాడింది. కొత్తగా ఇంకో డిపో నుంచి బళ్ళు రాబోతున్నాయి, షెడ్డులో చోటు లేదు అని వాపోయింది. చివర్లో ఉన్న ఒక బండి అద్దం మీద సుద్దతో అడ్డంగా ఇంటూ గుర్తు గీసి ఉంది. దాని బోర్డు మీద పెద్దగా ఏమీ లేదు. చరిత్ర తెలియదు అని మాత్రం ఉంది.

"దీన్నేం చేస్తారు?" అన్నాను.

"తీసేయాలండీ. చరిత్ర లేని బండికి చోటు ఎలా ఇస్తాం? ఫలానా పని మొదట చేసిన బండి ఇదేనని ఎవరైనా చెప్పినా ఉంచేవాళ్ళం" అంది.

నేను "ఊఁ" అని ఏడో నెంబరు ఎక్కాను. సీటు కొలుచుకున్నాను. రబ్బరు మ్యాట్ అంచు సీటు కాళ్ళకి అడ్డొస్తుంటే ఎత్తి పక్కకి మడిచాను.

చిల్లులు.

ముందువైపు, క్లచ్‌కి దగ్గరగా, రంగు కింద గుంటలు పడినట్టు కనిపించాయి. వేలు పెట్టి గోకాను. రంగు పెచ్చు లేచింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోది వంకర. దాని పక్కనే అయిదోది. మ్యూజియంవాళ్ళు పాత డ్రాయింగులు చూసి సీటుని మొదట కంపెనీవాళ్ళు బిగించిన చోటే పెట్టి, మా చిల్లుల మీద రంగేసి మ్యాట్ కప్పేశారు.

నాకు ఆ వెల్డరు నవ్వు వినిపించింది. ఫ్లోరు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఆ వంకర చిల్లులో చిటికెనవేలు దూర్చి అలాగే ఉండిపోయాను. ఇది ఏడో నెంబరు కాదు. ఇది మా బండి. ఇన్నాళ్ళూ అక్క చెయ్యి పట్టుకుని ఊపినవాళ్ళందరూ నా చెయ్యి ఊపాల్సింది.

ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు. మా ఆయన బల్ల మీద దుప్పటి పరిచి చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. తన చొక్కా అయితే ఒక మాట. అన్నగారిది, ఊరేగింపు కోసం.

"ఆ పెట్టె పక్కన పెట్టండి. ఆ బండి మీది!" అన్నాను.

ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. కాలర్ తిప్పాడు. "నెమ్మదిగా. పక్కింటికి వినిపిస్తుంది" అన్నాడు.

"వినిపించనీ! చిల్లులు చూశాను. అయిదూ ఉన్నాయి. మీ అన్నయ్య మీ బండి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నా బండి నాకు తెలియదా? తెచ్చిన రోజు నుంచీ తెలుసు."

నాకు మాట రాకపోవడం చాలా అరుదు కాబట్టి, ఆయన ఆ సందు చూసుకుని మిగతాది చెప్పాడు.

"యార్డులో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ప్లేట్లు లేవు, రంగు లేదు. తుప్పు చూస్తే రెండూ ఒక్కలాగే ఉన్నాయి. మీ బండి ఏదండీ అని ఆఫీసరు అన్నయ్యని అడిగాడు. అన్నయ్య రెండిటి చుట్టూ తిరిగాడు. తిరిగి తిరిగి నా బండి మీద చెయ్యేశాడు. ఇదే అన్నాడు."

"మీ నోరేమైంది?"

"నోరు తెరిస్తే ఏమయ్యేది? 'ఓహో, అలాగా' అని రెండోదాన్ని తీసుకెళ్ళేవాళ్ళు. వాళ్ళకి కావలసింది వంతెన మొదట దాటిన బండి. నా బండిని ఆ సాయంత్రమే కోసేసేవాళ్ళు. అన్నయ్యకి అప్పటికే చూపు తగ్గింది, ఇంకా కళ్ళద్దాలు పెట్టుకోలేదు, పొరపాటు పడ్డాడు. ఆ పొరపాటు వల్ల నా బండి బతికింది. నేనే నోరు విప్పి దాన్ని చంపుకోనా?"

"మరి బోర్డు?"

"పేరు అన్నయ్యది. బండి నాది. నాకు చాలు."

"నాకు చాలదు!" అన్నాను. "మీకు చివరి సీటు చాలు, బకెట్టు చాలు. నాకు బోర్డు కావాలి. దాని మీద మీ పేరు కావాలి. ఒక్కళ్ళైనా అది చదివి నా మొహం చూసి అబ్బో అనాలి. ఇన్నేళ్ళు కుళ్ళి కుళ్ళి చచ్చాను. నాకైనా చెప్పొచ్చుగా?"

"నీ నోట్లో నువ్వుగింజ నానుతుందా?"

"ఎందుకు నానదు? నేను వెళ్ళి ఇప్పుడే ఆ ఇన్‌ఛార్జమ్మతో..."

"చెప్పు. చెబితే అది పదకొండో నెంబరు అవుతుంది. పదకొండో నెంబరుకి చరిత్ర ఏముంది? వంతెన రెండోదిగా దాటింది. చివర్లో ఉన్న బండి అద్దం మీద ఇంటూ చూశావా?"

చూశాను కాబట్టే కూలబడ్డాను. ఆయన మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకున్నాడు. నాకు ఆ చొక్కా లాక్కుని చించేయాలనిపించింది, కాని చక్కగా ఇస్త్రీ చేశాడు, మనసొప్పలేదు.

ఆ సీటు కుట్టినన్నాళ్ళు నాకు నోట్లో నిప్పుకణిక పెట్టుకుని తిరిగినట్టుంది. సీటు మాత్రం ప్రాణం పెట్టి కుట్టాను. అది మా సీటు కదా. పట్టీలు వంకర పోకుండా, మూలల్లో ముడత పడకుండా, మునుపు మా సెక్షన్లో కూడా నేను అంత బాగా కుట్టి ఉండను. అక్క వచ్చి మిషను పక్కన కూర్చుని చేత్తో రెక్సిన్ నిమిరి చూసింది.

"మా బండి సీటు నీ చేతిలో పడ్డందుకు నాకు నిశ్చింతగా ఉందే" అంది.

మా బండి. ఆ మాటకి నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఒక్క వాక్యం అంటే చాలు, ఈవిడ మొహం మాడిపోతుంది. ఆ వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. నాకు ఆ సుద్ద గుర్తు కళ్ళముందు ఆడింది. మింగేశాను. మింగితే కడుపులో ఎంత మండుతుందో నాకే తెలుసు.

"నీ బండి కాబట్టే జాగ్రత్తగా కుడుతున్నానక్కా" అన్నాను. ఆవిడకి అందులో వంకరేమీ వినిపించలేదు. అదీ ఒక మంటే.

ఊరేగింపు రోజు పొద్దున్నే షెడ్డు తలుపులు బార్లా తీశారు. బళ్ళన్నీ రోడ్డు వైపు మూతులు పెట్టి నిలబడ్డాయి. వీధికి రెండువైపులా జనం. అక్క కొత్త బట్టలు కట్టుకుని, మెడలో ఉన్నదంతా వేసుకుని, గేటు దగ్గర పెళ్ళివారిని పిలిచినట్టు అందర్నీ పిలుస్తోంది. నేను మామూలు బట్టల్లోనే వెళ్ళాను. మనకేం ఉందని అలంకరణ?

బావగారు కర్ర ఆనించి, ఇస్త్రీ చొక్కాలో, బండి మెట్టు మీద కాలు పెట్టారు. రెండో కాలు లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించారు. కిందికి దిగి మోకాలు రాసుకున్నారు.

"నావల్ల కాదు. మా తమ్ముడు నడుపుతాడు" అన్నారు.

రిటైరయ్యాక కూడా మా ఆయన మొన్నమొన్నటిదాకా స్కూలు వ్యాను నడిపాడు, లైసెన్సు ఇంకా చెల్లుతుంది. ఇన్‌ఛార్జమ్మ సరేనంది. నా పక్కన అక్క మొహం చూశాను. ఇన్నేళ్ళుగా రోజూ అద్దంలో చూసుకున్న నా మొహమే అది. మూతి బిగుసుకుంది, కళ్ళు చిన్నవయ్యాయి.

"మా బండి ఆయన నడపడమేంటే? ఆ కుర్ర మెకానిక్కు లేడూ?" అంది నా చెవిలో.

అబ్బ, ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆవిడకి కుళ్ళు పుట్టింది. మా ఆయన్ని చూసి. "పోనీలే అక్కా, ఒక్క పూటకే కదా" అన్నాను, అచ్చం ఆవిడ నాతో అనే గొంతుతో.

ఆ హాయి ఎంతోసేపు మిగల్లేదు. మా ఆయన నేను కుట్టిన సీట్లో కూర్చున్నాడు. కాలు చాపాడు. క్లచ్ అందలేదు. ముందుకు జరిగి అంచున కూర్చున్నాడు. అప్పుడు అందింది కాని సగమే తొక్కగలుగుతున్నాడు. ఎవరో దిండు తెచ్చి వెనక పెట్టారు. దిండు జారిపోయింది. జనంలో ఎవరో నవ్వారు.

మెకానిక్కు వంగి సీటు కాళ్ళు చూశాడు. "సీటు ముందుకు జరపాలంటే ఫ్లోరుకి డ్రిల్లు వేయాలి మేడమ్" అన్నాడు.

"వద్దు వద్దు. పాత బండికి కొత్త చిల్లులు పెట్టకూడదు. అది మా నియమం" అంది ఇన్‌ఛార్జమ్మ. మా ఆయన వైపు చూసి, "ఏమీ అనుకోకండి, మెకానిక్కు నడుపుతాడులెండి" అంది.

పక్కన అక్క గట్టిగా ఊపిరి వదిలింది.

మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఏమీ అనొద్దు అని. మ్యాట్ ఎత్తమంటే చాలు. కాని ఎత్తమని నేనంటే, నీకెలా తెలుసు అంటారు. సీటు కుట్టడానికి వచ్చినప్పుడు చూశానందామా? అన్నాక, ఏడో నెంబరుకి ఆ చిల్లులెందుకున్నాయి, నిచ్చెనంత మనిషికి సీటు ముందుకెందుకు జరిపారు అంటారు. డిపో పాతవాళ్ళు ఇద్దరు ముగ్గురు అక్కడే ఉన్నారు. ఒక్క ప్రశ్న చాలు, బండి ఎవరిదో తేలిపోతుంది, సాయంత్రానికి అద్దం మీద ఇంటూ పడుతుంది. నోరు మూసుకుంటే, తన బండి తనకి ఇంకెప్పటికీ దక్కకుండా ఆయన దిగి వచ్చేస్తాడు. దిగడానికి ఆయన అప్పుడే హ్యాండిల్ మీద చెయ్యేశాడు కూడా.

"ఆ మ్యాట్ ఎత్తి చూడరా."

అన్నది బావగారు. మడ్‌గార్డుకి ఆనుకుని నిలబడి, కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నారు. ఎవరి వైపూ చూడటం లేదు.

"ముందువైపు చిల్లులుంటాయి. అయిదు. అందులో ఒకటి వంకరది, దాన్ని వదిలేసి మిగతా నాలుగింటికి బిగించు" అన్నారు మెకానిక్కుతో.

మెకానిక్కు మ్యాట్ ఎత్తాడు. "ఉన్నాయి సార్! మీరు చెప్పినట్టే ఉన్నాయి" అని అరిచాడు. డ్రైవరుకి తన బండి గురించి ఎంత బాగా గుర్తుందో అని జనం చప్పట్లు కొట్టారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన్ని ఎవరు అడుగుతారు? బోర్డు మీద పేరున్న మనిషి.

మా ఆయన చెయ్యి హ్యాండిల్ మీద అలాగే ఉండిపోయింది. అన్నగారి వైపు చూస్తున్నాడు. యార్డులో పొరపాటు జరిగిందని ఇన్నాళ్ళూ నమ్మిన మనిషి మొహం అది. బావగారు అద్దాలు పెట్టుకుని, "ఏరా, బిగించేదాకా అలా కూర్చునే ఉంటావా? దిగి అతనికి చోటివ్వు" అని కసిరారు. మా ఆయన దిగాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి మెకానిక్కు స్పానరు తిప్పడం చూశారు. మా ఆయన భుజం బావగారి మోచేతికి తగులుతోంది, అంతే.

సీటు బిగిసింది. మా ఆయన ఎక్కి క్లచ్ అడుగుదాకా తొక్కాడు. బావగారిని ఇద్దరు పట్టుకుని ఎక్కించి వెనక కండక్టరు సీట్లో కూర్చోబెట్టారు. పాత బండి, బరువు ఎక్కువ వేయకూడదని మమ్మల్ని ఎక్కనివ్వలేదు. బండి ఒక్కసారి వణికి, పొగ వదిలి, గేటు దాటింది.

నేనూ అక్కా రోడ్డు పక్కన నిలబడిపోయాం.

ఇరవై ఏళ్ళు నడిపిన బండిని మనిషి మర్చిపోతాడా? చూపు తగ్గితే చేతికి తెలియదా? ఆ రోజు యార్డులో బావగారు రెండు బళ్ళ చుట్టూ తిరిగింది వెతకడానికి కాదు. తన బోర్డు ఏ బండికి పెడితే అది బతుకుతుంది, రెండోది పోతుంది. తన బండిని కోతకి వదిలేసి తమ్ముడి బండి మీద చెయ్యేశారు. తమ్ముడు అది పొరపాటనుకుని నోరు మూసుకున్నాడు. ఒకరికి పేరు, ఒకరికి బండి. అలా పంచేసుకుని ప్రతి ఆదివారం ఆ షెడ్డులో ఒకరు ముందు, ఒకరు వెనక కూర్చున్నారు. ఇంట్లో ఆడవాళ్ళకి ఒక్క ముక్క చెప్పకుండా.

నేను ఇన్నేళ్ళూ అక్కని చూసి కుళ్ళుకున్నాను. కుళ్ళుకోవాల్సింది బావగారిని చూసి. మా ఆయన కోసం నేను చేసిన గొప్ప పని అయిదు చిల్లులు పెట్టించడం. బావగారు ఏకంగా తన బండినే ఇచ్చేశారు. ఇచ్చి, ఇచ్చినట్టు తమ్ముడికి కూడా తెలియనివ్వలేదు. ఇక మా ఆయన ఆ చివరి సీట్లో కూర్చున్నప్పుడు నా గురించి తలుచుకుంటాడా? నా ఒళ్ళు భగ్గున మండింది. ఈ మంట కొత్తది, దీనికి మందు కూడా ఉన్నట్టు లేదు.

బండి వీధి చివర మలుపు తిరిగింది. చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది.

"అవునే" అంది అక్క, కొంగుతో పొగ విసురుకుంటూ. "ఆ చిల్లులున్నట్టు ఈయనకెలా తెలుసు? మ్యాట్ కింద ఉంటే ఎవరికీ కనిపించవుగా?"

నిజంగానే అడుగుతోంది. పాపం, ఆవిడకీ ఎవరూ ఏమీ చెప్పలేదు. నిజం చెబితే వినే మనిషి ఎదురుగా ఉంది, మొహం మాడిపోవడం కళ్ళారా చూడొచ్చు.

"ఆయన బండి కదక్కా" అన్నాను. "ఆయనకి తెలియకుండా ఉంటుందా?"

అక్క మొహం విప్పారింది. మెడ కాస్త నిక్కింది, అచ్చం ఆ ఫోటోలో బావగారిలాగే.

"అవును మరి, మా బండే కదా" అని నా చెయ్యి పట్టుకుని ఊపింది.